యాంటెన్నాకు ఉచితంగా అందే టీవీని రికార్డు చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

మీరు కొత్తగా కొన్న ట్యూనరు పెట్టెలో, యాంటెన్నాకు ఉచితంగా అందే అమెరికన్ చానళ్లలో కొన్ని రికార్డు కావడం లేదని రాశారు. టీవీ రికార్డింగులను కట్టడి చేసేందుకు తెచ్చి, 2005లో న్యాయస్థానం కొట్టివేసిన ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ నిబంధన దొడ్డిదారిన మళ్లీ వచ్చిందా అని అడిగారు. సాంకేతికంగా ఇది ఆ ఫ్లాగ్ కాదు. అయితే ఆనాటి తీర్పు ఏ ప్రశ్నను తేల్చిందో, ఏ ప్రశ్న జోలికి పోలేదో తెలిస్తే మీ ఇబ్బంది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఆ రోజుల్లో ఈ గొడవను దగ్గర నుంచి చూసినవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

2004లో నేను నార్త్ కరోలినాలోని కేరీలో, రెండో అంతస్తు అపార్టుమెంటులో ఉండేవాణ్ణి. పక్కనే ఉన్న రాలీలోని డబ్ల్యూఆర్‌ఏఎల్ కేంద్రం 1996 జులైలోనే, దేశంలో అందరికంటే ముందుగా, హెచ్‌డీ ప్రసారం ప్రారంభించింది. బాల్కనీ రెయిలింగుకు కట్టిన చిన్న యాంటెన్నాను తూర్పువైపు తిప్పితే బొమ్మ అద్దంలా వచ్చేది. లినక్స్ నడిచే పాత కంప్యూటరులో డిజిటల్ టీవీ సిగ్నలును అందుకునే పీసీహెచ్‌డీటీవీ కార్డు ఒకటి బిగించి, మిథ్‌టీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో రికార్డు చేసేవాణ్ణి. మా ఆవిడకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. ఆమె చూడాలనుకున్న కార్యక్రమం మర్నాడు మధ్యాహ్నం చూసుకునేది. సెకనుకు 19.39 మెగాబిట్ల చొప్పున వచ్చే సిగ్నలును ఉన్నదున్నట్టు దాచుకుంటే గంటకు ఎనిమిదిన్నర గిగాబైట్లు దాటేది. నా 120 గిగాబైట్ల డిస్కు పదమూడు గంటలకే నిండిపోయేది.

సరిగ్గా ఇలాంటి కార్డుల మీదే అప్పుడు కత్తి వేలాడుతూ ఉంది. 2003 నవంబరు 4న, అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్ నిబంధనను ఆమోదించింది. పేరు పెద్దదే గానీ, ఆ ఫ్లాగ్ ప్రసారంలో చేర్చే ఒక చిన్న గుర్తు మాత్రమే. ప్రసారానికి తాళం ఏమీ వేయరు. అప్పటికే అమ్ముడుపోయిన డిజిటల్ టీవీలు తాళం తీయలేవు కాబట్టి ఎన్‌క్రిప్షన్ జోలికి పోకుండా, గుర్తు కనిపిస్తే దానికి లోబడి నడుచుకునే బాధ్యతను పరికరాల మీద పెట్టారు. 2005 జులై 1 తర్వాత తయారయ్యే ప్రతి డిజిటల్ ట్యూనరూ ఆ గుర్తును గమనించి, ఎఫ్‌సీసీ ఆమోదించిన పద్ధతుల్లోనే రికార్డింగును భద్రపరచాలి, బయటికి పంపాలి. 2004 ఆగస్టులో అలాంటి పద్ధతులు పదమూడింటిని ఆమోదించారు. టీవీ రికార్డర్లు తయారుచేసే టీవో సంస్థ పద్ధతి కూడా అందులో ఉంది. దానికి హాలీవుడ్ స్టూడియోల సంఘం, అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగు అభ్యంతరం చెప్పాయి.

నిజాయితీగా చెప్పాలంటే ఆ నిబంధన ఇంట్లో రికార్డు చేసుకోవడాన్ని నిషేధించలేదు. ఇంటర్నెట్‌లో విచ్చలవిడిగా పంచడాన్ని ఆపడమే తమ ఉద్దేశమని కమిషన్ చెప్పింది. స్టూడియోల భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే నా డీఎస్‌ఎల్ అప్‌లోడ్ వేగం అప్పట్లో 256 కిలోబిట్లు. ఒక్క గంట కార్యక్రమాన్ని అలాగే పంపాలంటే మూడు రోజుల మీద పట్టేది. కుదించి పంపేవాళ్లు లేరా అంటే ఉన్నారు, కానీ వాళ్లను ఈ గుర్తు ఆపేది కాదు, ఎందుకంటే అనలాగ్ అవుట్‌పుట్‌ను నిబంధన ముట్టుకోలేదు. చివరికి చిక్కులో పడేది నాలాంటి వాళ్లమే. సాధారణ వినియోగదారుడు అందుబాటులో ఉన్న పనిముట్లతో మార్చలేనంత గట్టిగా పరికరం ఉండాలని ఒక షరతు పెట్టారు. మార్చుకోవడానికి వీలుగా కోడ్ బహిరంగంగా ఇచ్చే సాఫ్ట్‌వేరు ఆ షరతును ఎలా నెరవేరుస్తుంది? నా కార్డు పాతది కాబట్టి నిబంధన అమలైనా పనిచేసేదే. అది కాలిపోతే అలాంటి కొత్తది దొరకదు. ముందు జాగ్రత్తగా ఇంకొకటి కొని అట్టపెట్టెతో సహా అలమారలో పెట్టాను. మా ఆవిడ దాన్ని కరవుకాలానికి దాచిన బియ్యంతో పోల్చింది.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే పబ్లిక్ నాలెడ్జ్, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, వినియోగదారుల సంఘాలు కలిసి డీసీ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానానికి వెళ్లాయి. 2005 ఫిబ్రవరిలో వాదనలు జరిగినప్పుడు, కమిషన్ అధికారం ఇలా సాగుతూ పోతే రేపు వాషింగ్ మెషీన్ల దాకా పోదా అన్న ధోరణిలో న్యాయమూర్తి హ్యారీ ఎడ్వర్డ్స్ నిలదీశారు. ఆ వార్త చదివి మేమంతా సంబరపడ్డాం. కానీ మార్చిలో కేసు అనుకోని చోట ఆగింది: అసలు ఈ నిబంధన వల్ల మీకు కలిగే నష్టమేమిటో ముందు చూపించమని న్యాయస్థానం పిటిషనర్లను అడిగింది. అక్కడ ఆదుకున్నది మా ఊరి పక్కనున్న నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం. దూరవిద్యలో స్పానిష్ నేర్చుకునే విద్యార్థులకు టీవీ కార్యక్రమాల తునకలను ఇంటర్నెట్ ద్వారా అందించేందుకు ఆ గ్రంథాలయం సాయపడుతోందని, ఫ్లాగ్ అమలైతే ఆ పని ఆగిపోతుందని ప్రమాణపత్రం దాఖలైంది. పెద్ద పెద్ద సంఘాల వాదన నిలబడటానికి ఒక గ్రంథాలయంలోని పాఠం పని ఆధారమైంది.

తీర్పు 2005 మే 6న, గడువుకు సరిగ్గా ఎనిమిది వారాల ముందు వచ్చింది. ప్రసారం ఇంటికి చేరడం పూర్తయ్యాక పరికరం లోపల ఏం జరగాలో శాసించే అధికారాన్ని పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఎఫ్‌సీసీకి ఇవ్వలేదని ధర్మాసనం తేల్చింది. టీవీలన్నీ ఎక్కువ పౌనఃపున్యాల్లో వచ్చే యూహెచ్‌ఎఫ్ చానళ్లను కూడా అందుకోవాలని 1962లో చెప్పాల్సి వచ్చినప్పుడు కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ అధికారం కమిషన్‌కు ముందే ఉంటే ఆ చట్టంతో పని ఏముంది? తీర్పు బలమంతా ఇక్కడే ఉంది, దాని పరిమితీ ఇక్కడే ఉంది. ప్రేక్షకుడికి రికార్డు చేసుకునే హక్కు ఉందని అందులో ఎక్కడా లేదు. ఎఫ్‌సీసీ ఆ ఆజ్ఞ ఇవ్వజాలదని మాత్రమే ఉంది.

ఆ జులై 26న డిస్కవరీ నౌక అంతరిక్షంలోకి వెళ్లింది. కల్పనా చావ్లాను బలిగొన్న కొలంబియా ప్రమాదం తర్వాత అదే మొదటి ప్రయాణం. తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న నాన్నగారు విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు. పొద్దున ప్రత్యక్ష ప్రసారం చూసింది చాలక, సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే రికార్డింగు పెట్టించుకుని, నౌక పైకి లేచే ఆ కొద్ది సెకన్లను వెనక్కి తిప్పి తిప్పి చూశారు. తమ పాత బడి పిల్లలకు చూపిస్తానంటే, అవసరమైన అరగంట కత్తిరించి మామూలు డీవీడీ మీద రాసి ఇచ్చాను. వార్తలకు ఈ ఫ్లాగ్ వాడకూడదన్న మినహాయింపు 2003 నిబంధనలో లేదు. ఆ కారణంగానే కమిషనర్లు మైకేల్ కాప్స్, జొనాథన్ ఎడెల్‌స్టైన్ కొంత భాగానికి అసమ్మతి రాశారు. ఆమోదిత పద్ధతిలో రాసిన డిస్కు అయితే తెనాలి బడిలోని పాత ప్లేయరులో తిరిగేది కాదు.

ఫ్లాగ్ కావాలన్నవాళ్లు ఊరుకోలేదు. ఆ అధికారం కట్టబెట్టే చట్టం కోసం 2006లో కాంగ్రెస్ మీద ఒత్తిడి తెచ్చారు, ఈసారి రేడియోను కూడా కలిపారు. హెచ్‌డీ రేడియో అనే డిజిటల్ ప్రసారంలో వచ్చే పాటలను పరికరం తనంతట తానే విడదీసి, పేరుపేరునా అల్మారా సర్దినట్టు దాచి పెడితే ఇక పాట కొనేవాడెవడన్నది రికార్డింగ్ కంపెనీల సంఘం వాదన. శ్రోతల ‘వాడుకలో ఉన్న’ అలవాట్లకు మాత్రం రక్షణ ఉంటుందని ముసాయిదాలో రాశారు. రేపు పుట్టబోయే వాడుక సంగతేమిటని జాన్ సునూను అనే సెనేటరు నిలదీశారు. అదే ఏడాది జనవరి విచారణలో సెనేట్ కమిటీ అధ్యక్షుడు టెడ్ స్టీవెన్స్ తన కూతురు కానుకగా ఇచ్చిన ఐపాడ్ (పాటలు దాచుకునే చిన్న పరికరం) సంగతి ఎత్తి ప్రశ్నలు వేశారు. జేబులో ఐపాడ్ ఉన్న సెనేటరుకు కొత్త వాడుకలు పుడతాయని వేరే చెప్పనక్కర్లేదు. బిల్లులేవీ చట్టం కాలేదు. ఫ్లాగ్ లేకపోతే మంచి కార్యక్రమాలన్నీ కేబుల్‌కు తరలిపోతాయని చెప్పిన జోస్యం కూడా ఫలించలేదు. 2009 జూన్ 12న దేశమంతా డిజిటల్‌కు మారింది, పెద్ద నెట్‌వర్కుల హెచ్‌డీ ప్రసారాలు యాంటెన్నాకు వస్తూనే ఉన్నాయి. చచ్చిన నిబంధనను పుస్తకాల్లోంచి 2011 ఆగస్టులో తొలగించారు.

ఇక మీ పెట్టె. 2017 నవంబరులో ఎఫ్‌సీసీ అనుమతించిన ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త టీవీ ప్రసార ప్రమాణంలో, గుర్తుతో పని లేకుండా నేరుగా ఎన్‌క్రిప్షన్ చేయవచ్చు. తాళంచెవులను పంచేది ప్రసార సంస్థలు కలిసి పెట్టుకున్న ఏ3ఎస్‌ఏ అనే వేదిక. రికార్డింగ్ నిషిద్ధమని వాళ్లూ అనరు. వాళ్ల ధృవీకరణ పొందిన పరికరంలో, వాళ్ల షరతులకు లోబడి చేసుకోమంటారు. ఈ కట్టడి 2003లో కమిషన్ ఆజ్ఞగా వచ్చింది, ఇప్పుడు ప్రైవేటు ఒప్పందంగా వచ్చింది. తయారీదారు ఒప్పందం మీద సంతకం చేశాడు కనుక ఎడ్వర్డ్స్ తీర్పు దీని దరిదాపులకు రాదు. నేను ఇప్పుడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటున్నాను. దక్షిణాన సీడర్ హిల్ టవర్ల వైపు తిప్పిన యాంటెన్నాకు సిగ్నలు బలం నూటికి తొంభై పైన చూపిస్తుంది, అయినా నా ట్యూనరు జాబితాలో కొన్ని కొత్త చానళ్ల పక్కన తాళం బొమ్మ, నొక్కితే నల్లటి తెర.

మీరు చేయగలిగింది ఒకటుంది. పెట్టె సెట్టింగుల్లో అదే చానలు పాత ఏటీఎస్‌సీ 1.0 రూపంలో వేరే నంబరుతో ఉందేమో వెతకండి. ప్రధాన చానళ్లను ఇప్పటివరకు పాత ప్రమాణంలోనూ ఇస్తున్నారు, అందులో ఎన్‌క్రిప్షన్ ఉండదు. బొమ్మ నాణ్యత కాస్త తగ్గినా రికార్డింగ్ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. పెట్టె తిరిగి ఇచ్చే గడువు మిగిలి ఉంటే, బదులుగా తీసుకునేదానిలో ఏటీఎస్‌సీ 1.0 ట్యూనర్లు ఎన్ని ఉన్నాయో అట్ట మీద చూసి మరీ కొనండి. అలమారలో దాచిన నా రెండో కార్డును ఇప్పటికీ పెట్టెలోంచి తీయలేదు; దాన్ని గుచ్చడానికి వీలున్న పాత రకం స్లాటు నా కొత్త కంప్యూటరులో లేదు.