ఆట ఐదేళ్లు, ఆసుపత్రి యాభై ఐదేళ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ గోల్ఫర్ జానీ మెక్‌డెర్మట్ మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. మొదటి పేరాలోనే పాఠకుణ్ణి నోరిస్‌టౌన్ మానసిక చికిత్సాలయం గేటు దగ్గర నిలబెట్టావు. అక్కడ మొదలుపెడితే ఆ తర్వాత వచ్చే ప్రతి స్కోరులోనూ, ప్రతి మాటలోనూ అతను జబ్బు ఆనవాళ్లే వెతుకుతాడు. 1911లో యుఎస్ ఓపెన్ గెలిచిన కుర్రాడికి 1916లో ఏమవుతుందో తెలియదు. రాసేటప్పుడు నువ్వు కూడా తెలియనట్టే ఉండాలి. ఆ పేరా తీసుకెళ్లి చివర పెట్టు.

ముందు అతని ఉద్యోగం గురించి రాయి. ప్రొఫెషనల్ గోల్ఫర్ అంటే మన పాఠకుడికి టీవీలో కనిపించే కోటీశ్వరుడు గుర్తొస్తాడు. 1910 నాటి ప్రొఫెషనల్ క్లబ్బులో జీతగాడు. సభ్యులకు పాఠాలు చెప్పాలి, బంతులు అమ్మాలి, విరిగిన కర్రలకు కొత్త కాడలు వెయ్యాలి. కాడలన్నీ హికరీ చెక్కవే. ఉక్కు కాడలకు అమెరికాలో అనుమతి వచ్చింది 1924లో. చాలా చోట్ల క్లబ్‌హౌస్‌లోకి ప్రొఫెషనల్‌ను రానిచ్చేవారు కాదు. 1920లో ఇన్‌వర్నెస్ క్లబ్బు యుఎస్ ఓపెన్ సమయంలో వాళ్లకు తలుపులు తెరవడమే వార్త అయింది. ఫిలడెల్ఫియాలో 1891లో పుట్టి, చదువు మధ్యలో మానేసి, ఆరోనిమింక్ క్లబ్బులో ఆటగాళ్ల కర్రల సంచి మోసే క్యాడీగా ఆట నేర్చుకుని, న్యూజెర్సీలో మర్చంట్‌విల్, ఆ తర్వాత అట్లాంటిక్ సిటీ క్లబ్బుల్లో ప్రొఫెషనల్‌గా కుదిరిన కుర్రాడు ఈ చట్రంలోంచి వచ్చినవాడు. దీనికి రెండు పేరాలైనా ఇవ్వు. 1911లో విజేతకు దక్కింది 300 డాలర్లు. దాన్ని ఈనాటి రూపాయల్లోకి మార్చకు, ఆ అంకె ఎవరికీ ఏమీ చెప్పదు. గెలిచిన మర్నాడు కూడా పాఠాలు చెప్పక తప్పని ఉద్యోగమని రాస్తే సరిపోతుంది.

‘యుఎస్ ఓపెన్ గెలిచిన తొలి అమెరికన్’ అని రాశావు. ‘అమెరికాలో పుట్టినవారిలో తొలి విజేత’ అని మార్చు. 1895 నుంచి 1910 దాకా ఆ కప్పు గెలిచినవాళ్లంతా బ్రిటిష్ వాళ్లే, ఎక్కువమంది వలస వచ్చి క్లబ్బుల్లో పనిచేసినవాళ్లు. ఆ పట్టు వదలడం ఎంత పెద్ద సంగతో ఈ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. 1910 యుఎస్ ఓపెన్‌లో, ఫిలడెల్ఫియా క్రికెట్ క్లబ్బులో జరిగిన ప్లేఆఫ్‌ను, అంటే సమానంగా నిలిచినవాళ్ల మధ్య మళ్లీ జరిగిన ఆటను, నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. దెబ్బలు తక్కువైనవాడిదే గెలుపు: అలెక్స్ స్మిత్ 71, మెక్‌డెర్మట్ 75, అలెక్స్ తమ్ముడు మెక్‌డొనాల్డ్ స్మిత్ 77. ఓడిన నాటికి మన కుర్రాడికి పద్దెనిమిదేళ్లు. 1911 కథ ఇక్కడే మొదలవుతుంది.

స్కోర్ల దగ్గరే తెలుగు రచయితలు ఎక్కువగా తడబడతారు. క్రికెట్‌లో పరుగులు పెరిగితే మేలు, ఇక్కడ దెబ్బలు తగ్గితే మేలు. ఆ మాట మొదటి స్కోరు రాకముందే చెప్పెయ్యి. స్కోరు పక్కన ఎన్ని హోళ్లకో, అంటే బంతిని ఎన్ని గుంతల్లోకి చేర్చడానికో కూడా ఉండాలి. అప్పట్లో రోజుకు 36 చొప్పున రెండు రోజుల్లో 72 హోళ్లు ఆడేవారు. సమానమైతే మరో 18. షికాగో గోల్ఫ్ క్లబ్బులో 1911లో ముగ్గురు 307 దగ్గర నిలిచారు. ప్లేఆఫ్‌లో మెక్‌డెర్మట్ 80, మైక్ బ్రేడీ 82, జార్జ్ సింప్సన్ 85. ‘పేలవమైన ఆట’ అన్న నీ వ్యాఖ్య కొట్టెయ్యి. ఆ కాలపు బంతినీ, హికరీ కాడనీ, అప్పటి గడ్డినీ పక్కన పెట్టి 80ని ఇప్పటి 68తో పోల్చడం కుదరదు. అప్పటికి అతనికి ఇంకా ఇరవై నిండలేదు. అంత చిన్న వయసులో ఆ టోర్నీ గెలిచినవాళ్లు ఈనాటికీ లేరు.

1912లో బఫెలోలో జరిగిన యుఎస్ ఓపెన్ భాగం బాగా రాశావు, కానీ పార్, అంటే ఆ కోర్సుకు నిర్ణయించిన ప్రామాణిక దెబ్బల సంఖ్య, చెప్పలేదు. అక్కడ 18 హోళ్ల రౌండ్‌కు పార్ 74, అంటే నాలుగు రౌండ్లకు 296. మెక్‌డెర్మట్ ఆడింది 74, 75, 74, 71, మొత్తం 294. యుఎస్ ఓపెన్‌లో 72 హోళ్లను పార్ కంటే తక్కువలో ముగించిన మొదటివాడు అతనే. పార్ లేకపోతే 294 ఉత్త అంకె. టామ్ మెక్‌నమారా ఆఖరి రౌండ్ 69 ఆడి కూడా రెండు దెబ్బలు వెనకబడ్డాడని కలిపితే ఆ సాయంత్రపు బిగువు నువ్వు వర్ణించకుండానే వస్తుంది.

అతను నేల మీద పరిచిన వార్తాపత్రికకు గురిపెట్టి మ్యాషీ అనే పాతకాలపు ఇనుప తల కర్రతో సాధన చేసేవాడన్న కథ నీ ప్రతిలో నిజంలా ఉంది. ‘అని చెప్పుకుంటారు’ అని రాయి. కథ మంచిదే, తీసెయ్యనక్కర్లేదు.

ఇక 1913లో పెన్సిల్వేనియాలోని షానీలో జరిగిన టోర్నీ. అప్పటి మేటి ఆటగాళ్లు హ్యారీ వార్డన్, టెడ్ రే ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆడిన ఆ టోర్నీని మెక్‌డెర్మట్ ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. వార్డన్ 13 దెబ్బలు వెనకబడ్డాడు. బహుమతి సభలో మెక్‌డెర్మట్ నోరు జారాడు: పరదేశీ అతిథులకు మా జాతీయ ఓపెన్ దక్కదు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాటలు పత్రిక పత్రికకూ మారాయి. నువ్వేమో ఒక రూపాన్ని ఎంచుకుని ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టేశావు. చిహ్నాలు తీసి, సారాంశం రాసి, పాఠాలు వేరువేరుగా ఉన్నాయని చెప్పు. అమెరికా గోల్ఫ్ సంఘం యుఎస్ ఓపెన్‌కు అతని ఎంట్రీని తిరస్కరించే ఆలోచన చేసి, చివరికి మందలించి అనుమతించింది. అంతమాత్రం దురుసు ఒక క్లబ్బు సభ్యుడి నోట వచ్చి ఉంటే ఇంత రాద్ధాంతం అయ్యేది కాదని నా అనుమానం. ఆ సెప్టెంబరులో బ్రూక్‌లైన్‌లో జరిగిన యుఎస్ ఓపెన్‌లో అమెరికన్ ఫ్రాన్సిస్ విమెట్ ప్లేఆఫ్‌లో వార్డన్, రే ఇద్దరినీ ఓడించాడు. మెక్‌డెర్మట్‌ది ఎనిమిదో స్థానం. పరదేశీలు గెలవరన్న మాట నిజమైంది, గెలిచినవాడు మాత్రం వేరే.

తర్వాతి పేజీలో నీ కలం అదుపు తప్పింది. షేర్లలో నష్టం, షానీ గొడవ, 1914లో ప్రెస్ట్‌విక్‌కు ఆలస్యంగా చేరి బ్రిటిష్ ఓపెన్ పోగొట్టుకోవడం, తిరుగు ప్రయాణంలో కైజర్ విల్‌హెల్మ్ 2 ఓడ పొగమంచులో ఇంకో ఓడను ఢీకొనడం, వీటన్నిటినీ గుదిగుచ్చి ‘అందువల్లే మతి చెదిరింది’ అన్నావు. ఆ ‘అందువల్లే’ తీసెయ్యి. వరసగా జరిగినవి ఒకదానికొకటి కారణం కానక్కర్లేదు, మానసిక వ్యాధి విషయంలో మరీను. ఏ ఏడాది ఏం జరిగిందో రాసి ఆగు. 1914 చివర అట్లాంటిక్ సిటీలో తన దుకాణంలోనే కుప్పకూలాడు, 1916లో నోరిస్‌టౌన్ ఆసుపత్రిలో చేర్చారు, అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

‘పిచ్చాసుపత్రి’, ‘ఉన్మాది’ అన్న మాటలు మూడు చోట్ల ఉన్నాయి, మార్చు. ఆ యాభై ఐదేళ్లూ చీకటేనని రాయడం కూడా తప్పే. ఆవరణలో ఆరు హోళ్ల చిన్న కోర్సు ఉండేది, అతను ఆడేవాడు. 1971 జూన్‌లో మెరియన్‌లో జరిగిన యుఎస్ ఓపెన్‌కూ వెళ్లాడు. ఆ ఆగస్టు 1న, ఎనభైవ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు.

నిడివి ఎక్కువైతే 1911 ప్లేఆఫ్ వర్ణన తగ్గించు, ప్రొఫెషనల్ ఉద్యోగం పేరాలు ముట్టుకోకు. రెండో ప్రతి పంపేటప్పుడు ప్రతి సంఖ్య కిందా పెన్సిల్ గీత పెట్టి, అది ఎక్కడ దొరికిందో అంచున రాయి.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి