సినిమా భయమా, పెరటి తలుపు భయమా?

రాయగడ నుంచి ఒకాయన రాసిన ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మాది టౌను చివర సొంతిల్లు. నేను ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. ఇంట్లో అమ్మ, నా భార్య, నాలుగేళ్ల పాప. నెలన్నర క్రితం పార్వతీపురం నుంచి మా పిన్ని కొడుకు వస్తే రాత్రి టీవీలో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నాం. ఇద్దరు కుర్రాళ్లు మర్యాదగా తలుపు కొట్టి లోపలికొచ్చి ఆ ఇంట్లోవాళ్లని చిత్రహింస పెట్టే కథ. సగంలో నా భార్య లేచి వెళ్లి వాంతి చేసుకుంది. మేం నవ్వేశాం. అప్పట్నుంచి రాత్రిళ్లు నిద్రపోదు. కాలింగ్ బెల్ మోగితే ఉలిక్కిపడుతుంది. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి కూడా తలుపు తీయలేదు. పెరటి తలుపు గడియ సరిగ్గా పడదని పడుకోబోయే ముందు రుబ్బురోలు పొత్రం దొర్లించుకొచ్చి అడ్డం పెడుతోంది. ఒకరోజు సరదాకి నేనూ తమ్ముడూ చీకట్లో కిటికీ మీద కొట్టి, తను అరిచింది వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మేమో గాలి సోకింది, గుణియా (భూతవైద్యుడు) దగ్గరికి తీసుకెళ్దాం అంటోంది. ఒక్క సినిమాకి మనిషి ఇలా అయిపోతుందా? మళ్లీ మామూలు మనిషిని చేసుకోవడం ఎలా?"

ఆ సినిమా పేరు మీరు రాశారు గానీ ఇక్కడ వేయను, మీలాంటి ఇంకో ఇద్దరు వెతుక్కుని పెట్టుకుంటారు.

మీ ఉత్తరంలో సినిమా కథ పేజీన్నర ఉంది. గడియ గురించి ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. గడియ పడని మాట నిజమేనా? నిజమైతే, పొత్రం అడ్డం పెట్టుకున్న మనిషికి పిచ్చి అని మీరెలా అనుకుంటున్నారు? పొత్రం ఎంత బరువుంటుందో మీరెప్పుడైనా ఎత్తి చూశారా, రోజూ రాత్రి దాన్ని వంటింట్లోంచి పెరటి తలుపు దాకా దొర్లించుకు రావాలంటే నడుముకి ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. టౌను చివర ఇల్లు, మీరు నైట్ షిఫ్ట్‌లో ఉంటే ఇంట్లో ఒక ముసలావిడ, ఒక పసిపిల్ల, ఈమె. ఆమెకి ఆ భయం సినిమా కంటే ముందే ఉండుంటుంది, సినిమా వచ్చి దానికి ముఖాలు ఇచ్చింది అంతే.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఒక్క సినిమాకి మనిషి ఇలా అయిపోతుందా అంటే, అవుతుంది. 1960లో వచ్చిన హిచ్‌కాక్ 'సైకో' సినిమాలో స్నానాల గదిలో హత్య జరిగే సీనులో నటించిన జానెట్ లీ, ఆ తర్వాత షవర్ కింద స్నానం చేయడమే మానేశానని తనే చెప్పుకుంది. గత్యంతరం లేక చేయాల్సి వస్తే ఇంట్లో తలుపులు, కిటికీలు అన్నీ వేసున్నాయో లేదో చూసుకుని, మొహం గుమ్మం వైపు పెట్టుకుని చేసేదట. ఆ రక్తం చాక్లెట్ సిరప్ అని, కత్తి దిగే చప్పుడు కర్బూజా పండుని పొడిస్తే వచ్చిందని అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే కదా. షూటింగులో ఏమీ కాలేదు, తర్వాత తెరమీద చూసుకున్నాక, నీళ్ల కింద నిలబడ్డ మనిషి ఎంత నిస్సహాయంగా ఉంటుందో తెలిసొచ్చి వణికిపోయింది. కాబట్టి "అదంతా యాక్టింగే కదే" అని మీరు నెలన్నరగా చెప్తున్న మాట ఆమెకి తెలియంది కాదు, దాని వల్ల పనీ జరగదు.

భయపెట్టే సినిమా వేరు, మనసుని కలచివేసే సినిమా వేరు. 2009లో 'అరుంధతి' వచ్చినప్పుడు పిల్లలు రాత్రిపూట ఒంటికి కూడా లేవలేదు, అదే పిల్లలు నెల తిరక్కుండా పశుపతి గొంతు పెట్టి ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకున్నారు. ఎందుకంటే ఆ కథలో అన్నిటికీ లెక్క ఉంది. వాడు ఎందుకు పగబట్టాడో తెలుసు, వాణ్ణి దేనితో చంపాలో తెలుసు, చివరికి చచ్చాడు, లైట్లు వేశారు, ఇంటికొచ్చేశాం. మన దెయ్యం సినిమాల్లో దెయ్యానికి కూడా ఒక ఫ్లాష్‌బ్యాకు, ఒక న్యాయం ఉంటాయి.

మీరు చూసిన రకం సినిమాల్లో ఆ లెక్క కావాలనే తీసేస్తారు. ఈ రకానికి బాగా పేరుమోసింది 1997లో ఆస్ట్రియా దర్శకుడు మిఖాయెల్ హానెకె తీసిన 'ఫన్నీ గేమ్స్'. తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు పక్కింటివాళ్లకి గుడ్లు కావాలని అడుగుతూ వస్తారు, అంతే మొదలు. కొట్టడాలు, చంపడాలు చాలావరకు తెరమీద కనిపించవు, పక్క గదిలోంచి చప్పుడు వినిపిస్తుంది, మిగతాదంతా చూసేవాడి బుర్రే తయారు చేసుకోవాలి. ఒకచోట ఆ ఇల్లాలు తుపాకీ లాక్కుని ఒకణ్ణి కాల్చేస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు రెండోవాడు టీవీ రిమోట్ తీసుకుని సినిమానే వెనక్కి తిప్పేసి ఆమె చేతికి తుపాకీ అందకుండా చేస్తాడు. ఎందుకు చేస్తున్నార్రా అంటే కారణం చెప్పరు, చివరికి ఎవరూ మిగలరు, వాళ్లు ఇంకో ఇంటికి వెళ్లి మళ్లీ గుడ్లే అడుగుతారు. ఆ హానెకేనే అన్నాడు, సగంలో లేచిపోయినవాళ్లకి ఈ సినిమా అవసరం లేదని, కూర్చుని చివరిదాకా చూసినవాళ్లకే అవసరమని. ఆయన లెక్కన మీ ఇంట్లో ఆ రాత్రి సరిగ్గా ప్రవర్తించింది మీ ఆవిడ ఒక్కరే. (ఆయన తీరు నాకు పెద్దగా నచ్చదు, డబ్బు తీసుకుని చూపించి చూసినందుకు తిట్టడం ఏమిటో. కానీ ఆ మాటలో నిజం ఉంది.)

ఇక్కడ మీరు, మీ తమ్ముడు చూడనిది, ఆమెకి ఒక్క క్షణంలో కనబడింది ఒకటుంది. ఆ కథల్లో దుర్మార్గుడు తలుపు బద్దలుకొట్టి రాడు, మర్యాదగా అడుగుతాడు, ఆ ఇల్లాలు మర్యాద తప్పలేక తలుపు తీస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్లకి చిన్నప్పట్నుంచి నేర్పేది అదే కదా, గుమ్మంలోకి వచ్చినవాళ్లని మొహం మీద కొట్టినట్టు మాట్లాడకూడదు, మంచినీళ్లు అడిగితే లేదనకూడదు అని. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు మీ గుమ్మంలోకి ఎవరెవరు వస్తారో ఒకసారి లెక్కపెట్టుకోండి. గ్యాస్ అబ్బాయి, గ్రూపు లోను కిస్తీ వసూలుకి వచ్చేవాడు, కరెంటు మీటరు చూసేవాడు, దసరా చందా రసీదు పుస్తకంతో అయిదారుగురు కుర్రాళ్లు. అందరూ నవ్వుతూ "వదినా" అనే పిలుస్తారు. అందరూ మంచివాళ్లే అయ్యుంటారు. కానీ ఎవరు ఎలాంటివాడో తలుపు తీయకముందే తేల్చుకోవాల్సింది ఆవిడ, ఒక్కతే, చంకలో పిల్లని పెట్టుకుని. సినిమా చూస్తున్నప్పుడు మీరు కుర్చీలో కూర్చున్నారు, ఆమె ఆ గుమ్మంలో నిలబడింది.

ఎవరికి ఏది తగులుతుందో బయటివాళ్లకి తెలియదు. రక్తం ఉండాలనేమీ లేదు. జపాన్‌లో 1988లో ఇసావో తకహాతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' బొమ్మల సినిమా, యుద్ధంలో తల్లి పోయిన అన్నాచెల్లెళ్లు తిండిలేక ఎలా అయిపోయారో చెప్పే కథ, గొప్ప సినిమా అంటూనే రెండోసారి చూడలేం అనేవాళ్లు ఎంతమందో. ఆ కథ రాసిన నొసాకా సొంత చెల్లెలు అలాగే ఆకలితో పోయింది. (దాన్ని థియేటర్లలో చిన్నపిల్లలు ముచ్చటపడే 'టొటొరో'తో కలిపి ఒకే టికెట్ మీద వేశారు, ఆ ఆలోచన ఎవరికొచ్చిందో గానీ.) అలాగే తమిళంలో వెట్రిమారన్ తీసిన 'విసారణై', పొట్టకూటి కోసం వచ్చిన తమిళ కుర్రాళ్లని భాష తెలియని ఊళ్లో పోలీసులు లాకప్‌లో వేసి చేయని నేరం ఒప్పుకోమని కొట్టే కథ. అది కోయంబత్తూరు ఆటో డ్రైవరు చంద్రకుమార్ 1983లో మన గుంటూరులో అనుభవించి రాసుకున్న పుస్తకం నుంచి వచ్చింది. భాష తెలియని రాష్ట్రానికి పనికి వెళ్లొచ్చినవాళ్లు మన గుణుపురంలో, పర్లాకిమిడిలో ఇంటికొకరున్నారు, వాళ్లలో యాక్షన్ సినిమాల అభిమానిని ఎవరినైనా కూర్చోబెట్టి ఆ సినిమా చూపించండి, ఎంతసేపు కూర్చుంటాడో చూద్దాం.

ఇప్పుడు ఆ వీడియో సంగతి. మెత్తగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. సినిమా ఆమెని ఒక రాత్రి భయపెట్టింది. మీరు ఆమె భయపడ్డది ఏమిటో తెలిసి, సరిగ్గా అదే చేసి, దాన్ని పదిమందికి చూపించారు. రాత్రి కిటికీ మీద చప్పుడైతే అది భర్తే కావచ్చు, వేళాకోళం కావచ్చు అని ఇప్పుడామెకి తెలుసు, దానివల్ల ధైర్యం రాదు, ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది. ఆమె మీతో మాట తగ్గించింది సినిమా వల్ల కాదు. ఆ వీడియో గ్రూపులోంచి, రెండు ఫోన్లలోంచి తీసేయండి. ఏ గ్రూపులో నవ్వారో ఆ గ్రూపులోనే, అది తప్పు, నేను చేసుండకూడదు అని రాయండి, నవ్వు బొమ్మలు పెట్టకుండా. మీ తమ్ముడి చేత కూడా ఆమెకి ఫోన్ చేయించి చెప్పించండి. దీనికి ఆమె వెంటనే కరిగిపోవాలని ఎదురుచూడకండి.

అమ్మగారి విషయానికొస్తే, ఆవిడని కసురుకోవద్దు, కోడలి అవస్థ చూడలేకే అంటున్నారు. మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లాలని ఉంటే అత్తాకోడళ్లు కలిసి వెళ్లిరానివ్వండి, ఆ పూట నలుగురిలో తిరిగినట్టూ ఉంటుంది. గుణియా మాత్రం వద్దు. గాలి సోకిందన్నవాడు తర్వాత ఎవరు చేశారో కూడా చెప్తాడు, పక్కింటి ముసలావిడ పేరో, ఎదురింటి విధవరాలి పేరో వస్తుంది. అలా పేరు రావడం వల్ల మన జిల్లాల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒడిశా ప్రభుత్వం 2013లో మంత్రగత్తె అని ఆడవాళ్లని హింసించడానికి వ్యతిరేకంగా ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ముందు వడ్రంగిని పిలిచి గడియ వేయించండి, ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే పిలిచినా ఫర్వాలేదు. వీధి తలుపుకి బయటివాళ్లు కనపడేలా ఒక కన్ను పెట్టించండి, గొలుసు వేయించండి, పెరట్లో ఒక బల్బు. గ్యాస్ వాడికి, కిస్తీ వాడికి మీరున్న పూటే రమ్మని మీరే చెప్పండి. ఎవరొచ్చినా తలుపు తీయకుండా కిటికీలోంచి మాట్లాడి పంపేయొచ్చని, అది మర్యాద తక్కువ కాదని ఆమెకి మీరు, మీ అమ్మగారి ఎదుట, గట్టిగా చెప్పండి. అత్తగారు విన్నారు అంటే సగం బరువు దిగుతుంది.

సినిమాలోని బొమ్మలు కళ్లముందు మెదులుతున్నాయి అంటే, ఏ సీను అని గుచ్చిగుచ్చి అడక్కండి, చెప్తే వినండి. మిగతా సినిమా కూడా చూసేస్తే భయం పోతుందని కొందరు మొగుళ్లు బలవంతంగా కూర్చోబెడతారు, ఆ పని చేయొద్దు. ఆ దృశ్యాలు తగ్గడానికి చేతులకీ కళ్లకీ ఒకేసారి పని చెప్పడం మంచిది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 2009లో ఒక పరీక్ష చేశారు, ఘోరమైన దృశ్యాలున్న ఫిల్ము చూపించి, అరగంట తర్వాత కొందరి చేత పది నిమిషాలు టెట్రిస్ ఆడించారు, ముక్కలు పడుతుంటే అమర్చే ఆట. ఆ వారంలో వాళ్లకి ఆ దృశ్యాలు మిగతావాళ్లకన్నా తక్కువసార్లు గుర్తొచ్చాయి. మీ విషయంలో నెలన్నర గడిచిపోయింది కాబట్టి దాన్నే మందు అనుకోకండి, కానీ నిద్ర పట్టని రాత్రి ఫోన్లో రీల్స్ చూసే బదులు అలాంటి ఆటో, కుట్టుపనో, చుక్కల ముగ్గు కాగితం మీద వేసుకోవడమో నయం.

నెల దాటినా నిద్ర లేదు, ఉలికిపాటు తగ్గలేదు అంటే డాక్టరుకి చూపించాల్సిందే, ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. మొదట 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని కేంద్రప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత నంబరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆమెనే చేయనివ్వండి, పక్కన నిలబడి వినకండి. జిల్లా ఆసుపత్రిలో అడగండి, అక్కడ కుదరకపోతే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మీకు రైలు నేరుగా ఉంది.

ఒకటి అడగాలి. ఆ రాత్రి సినిమా నడుస్తుంటే పాప ఎక్కడ పడుకుందో మీరు రాయలేదు. అదే హాల్లో అయితే, నాలుగేళ్ల పిల్లలు నిద్రలో కూడా చప్పుళ్లు వింటారు, మధ్యలో కళ్లు తెరిచి చూస్తారు, చూసింది చెప్పడం రాదు. ఓటీటీల్లో సినిమా మొదట్లో వయసు, హింస ఉందా లేదా అన్నది రాసే ఉంటుంది, పెద్ద వయసు వాటికి తాళం పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. అలాంటి సినిమాలు ఇష్టపడటం తప్పని నేననను. చూసుకోండి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, ఇష్టం లేనివాళ్లు లేచి వెళ్లినప్పుడు నవ్వకుండా.

మామూలు మనిషిని చేసుకోవడం ఎలా అన్నారు, ఆమె ఇప్పుడూ మామూలు మనిషే. కొన్నాళ్లు నైట్ షిఫ్టులు ఎవరితోనైనా మార్చుకోగలరేమో సూపర్‌వైజర్ని అడిగి చూడండి. కుదరకపోతే వాళ్ల అమ్మగారినో చెల్లినో పిలిపించి ఆ వారాలు ఉంచుకోండి, ఎవరిని పిలవాలో ఆమెనే అడిగి. తోడుకని ఆ పిన్ని కొడుకుని మాత్రం పంపకండి.