ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం యూనివర్సిటీతో పాటే కట్టారా?

లేదు. రెండిటికీ మధ్య ఇరవై ఏళ్ల తేడా ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో యూనివర్సిటీ కోసం ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చారు, 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. అప్పటికి సొంత క్యాంపస్ లేదు. మొదటి తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ దగ్గర మామూలు భవనాల్లోనే మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. అందుకని పాఠ్యపుస్తకాలు తయారుచేయడానికి ముందే ఒక అనువాద విభాగం పెట్టుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే భవనాల కంటే అదే పెద్ద పని. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది.

ఇక అందరూ ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ సంగతి. అడిక్‌మెట్ వైపు స్థలంలో 1934లో శంకుస్థాపన జరిగితే, 1939లో ప్రారంభమైంది. డిజైన్ బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ది. అంతకుముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులను భవనాలు చూసి రమ్మని విదేశాలకు పంపారు. గులాబీ రంగు గ్రానైట్, ఎత్తైన కమాను చూసి చాలామంది దీన్ని పూర్తిగా ఇస్లామిక్ శైలి అనుకుంటారు. లోపలి స్తంభాలను కాస్త నిలబడి చూడండి, అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి.

ఇంకో తమాషా, యూనివర్సిటీ కంటే పాత భవనం కోఠీలో ఉంది. ఉస్మానియా మహిళా కళాశాల నడిచింది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీలో, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి నివాసంలో. 2022లో ఆ కాలేజీయే విడిగా మహిళా విశ్వవిద్యాలయం అయింది.