అర్ధరాత్రి రైలు, దానికి ముందు సాయంత్రం

ప్రశ్న: మేము 1991లో హైదరాబాదు వచ్చి, మల్కాజిగిరిలో స్థిరపడ్డాం. మావారు పదవీ విరమణ చేశారు కనుక తెనాలి దగ్గర ఉన్న సొంతూరికి వెళ్ళిపోతున్నాం. సామాను లారీలో ముందే పంపించేశాం. 14వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇంటి తాళాలు యజమానికి అప్పగించాలి. అదే రాత్రి 12.20కి సికింద్రాబాదులో రైలు. టికెట్టు మీద కూడా 14వ తేదీ అనే ఉంది. మధ్యలో తొమ్మిది గంటలు ఉన్నాయి. బంధువుల ఇళ్ళకు వెళ్ళి ఇబ్బంది పెట్టాలని లేదు. ఇన్నేళ్ళుండీ సరిగా చూడని గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ ఆ పూట చూసేద్దామని మావారి కోరిక. నాకు మోకాళ్ళ నొప్పులు. పెళ్ళయిన కొత్తలో జీతం అందిన ప్రతి నెలా మొజంజాహీ మార్కెట్‌కు వెళ్ళి ఐస్‌క్రీమ్ తినేవాళ్ళం. నాకైతే అక్కడికి ఒకసారి వెళ్తే చాలనిపిస్తోంది. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఎవరి మాట వినాలో చెప్పే ముందు మీ టికెట్టు సంగతి చూడాలి. 14వ తేదీ 12.20 అంటే, 13వ తేదీ గురువారం రాత్రి అందరూ నిద్రపోయాక వచ్చే 12.20. రైల్వే వారి లెక్కలో తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. మీరు శుక్రవారం మూడింటికి తాళాలు అప్పగించే సరికి మీ బండి మీరు లేకుండానే తెనాలి దాటి ఉంటుంది. సంచిక అచ్చయి మీ చేతికి అందే వరకు ఆగితే లాభం లేదని ఈ ఒక్క విషయం మీకు ముందుగానే జాబు రాశాం. ఆ టికెట్టు రద్దు చేసుకుని 15వ తేదీకి కొత్తది తీసుకున్నామని మీరు తిరుగు జాబు రాయడంతో, మిగతా జవాబు నిశ్చింతగా రాస్తున్నాను. రద్దు ఎంత ముందుగా చేసుకుంటే కోత అంత తక్కువగా ఉంటుంది కనుక మీకు పెద్దగా నష్టం జరిగి ఉండదు.

ఈ పొరపాటుకు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మనవాళ్ళకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డకు పంచాంగం ముందు రోజు వారాన్నే చెబుతుంది. ఆ అలవాటుతో ‘శుక్రవారం రాత్రి పన్నెండు ఇరవై’ అనేస్తాం. ముప్పై ఏళ్ళ కిందట మా చెల్లెలి పెళ్ళికి పట్టుబట్టల పెట్టె పట్టుకుని ఇదే సికింద్రాబాదు స్టేషనులో నిలబడితే, టి.సి. నా టికెట్టును దీపం కిందికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, “మీ బండి నిన్న రాత్రే వెళ్ళిపోయిందండీ” అన్నాడు. ఆ ప్రయాణం జనరల్ బోగీలో తలుపు పక్కన, ఆ పెట్టె మీదే కూర్చుని చేశాను. అప్పటి నుంచి పన్నెండుకూ నాలుగుకూ మధ్య బయలుదేరే ఏ రైలుకైనా, టికెట్టు మీది తేదీకి ముందు రోజును క్యాలెండరులో చుట్టి పెట్టుకుంటున్నాను.

తేదీతో పాటు స్టేషను పేరు కూడా మరొకసారి చూసుకోండి. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్ళను నగరానికి తూర్పు అంచున ఉన్న చర్లపల్లికి మార్చారు. అక్కడి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. మార్పు ఉంటే మీ ఫోనుకు సందేశం వస్తుంది; అయినా ఆ ఉదయం రైల్వే విచారణ నంబరు 139కి ఫోను చేసి అడగడం మంచిది. ‘హైదరాబాదు’ అని టికెట్టు మీద ఉంటే అది నాంపల్లి అని, కాచిగూడ, లింగంపల్లి వేరని మీకు తెలియనిది కాదు. కానీ ఊరు వదిలే హడావుడిలో తెలిసినవాళ్ళే తప్పు స్టేషనుకు పోతూ ఉంటారు.

ఇక మీవారి కోరిక. ఆయన మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు గాని, శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు. గోల్కొండలో పైదాకా ఎక్కాలంటే మూడు వందల పైచిలుకు మెట్లు, అదీ సాయంత్రం సందర్శకులను బయటికి పంపే లోగా ఎక్కి దిగాలి. మీ మోకాళ్ళకు ఆ పూట అది తగదు. చార్మినార్‌ను రాత్రి దీపాల వెలుగులో బయటి నుంచి చూడవచ్చు, కానీ మెట్రో దిగే ఎం.జి.బి.ఎస్. (మహాత్మా గాంధీ బస్ స్టేషను) నుంచి అక్కడికి ఆటోలో ఆ రద్దీ దాటి వెళ్ళి రావడానికే సాయంత్రమంతా సరిపోతుంది. ఇన్నేళ్ళలో చూడని వాటిని మూడు గంటల్లో చూసేద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు. తెనాలి నుంచి హైదరాబాదుకు రైళ్ళకు కొదవ లేదు. ఆ మూడూ చూడడానికి ఏ సంక్రాంతి తరువాతో రెండు రోజులు ఉండేలా ప్రత్యేకంగా రండి. ఆ సాయంత్రానికి మాత్రం మీ మాటే నెగ్గాలని నా తీర్పు.

తాళాలు అప్పగించగానే నేరుగా సికింద్రాబాదు స్టేషనుకు వెళ్ళి, పెట్టెలు క్లోక్ రూములో ఇవ్వండి. టికెట్టు చూపించాలి, ప్రతి పెట్టెకూ తాళం ఉండాలి. తాళం లేని గోనెసంచి, జిప్పు ఊడిన బ్యాగు తీసుకోరు. ఇంట్లో చివరి నిమిషంలో మిగిలిపోయే కొబ్బరి కోరాం, పూజ గది సామాను, కుక్కరు మూత వంటివన్నీ ఒక చేతిసంచిలోకి చేరతాయని నాకు తెలుసు. అవన్నీ ముందు రోజే తాళం ఉన్న పెట్టెలో సర్దేయండి, లేకపోతే సాయంత్రమంతా ఆ సంచి మీవారి భుజానే ఉంటుంది. మాత్రలు, మంచినీళ్ళ సీసా, దుప్పటి మాత్రం పెట్టెలో అడుగున కాక, పైన చేతికి అందేలా పెట్టుకోండి. పన్నెండున్నరకు బోగీలో దీపాలు ఆర్పేసి ఉంటే, వాటి కోసం వెతుకుతూ నిద్రపోయేవారందరినీ లేపవలసి వస్తుంది.

చేతులు ఖాళీ అయ్యాక ఆటోలో ట్యాంక్‌బండ్‌కు వెళ్ళండి. ఐదుంబావుకు అక్కడ ఉంటే మేలు. గట్టు హుస్సేన్‌సాగర్‌కు తూర్పు వైపున ఉండడం వల్ల, సూర్యుడు చెరువుకు అవతల, నెక్లెస్ రోడ్డు వైపు దిగిపోవడం బెంచీ మీద కూర్చునే చూడవచ్చు. మీరు వచ్చిన 1991లో ఇప్పుడు కనిపించే బుద్ధుడు ఆ నీటి అడుగునే ఉన్నాడు. 1990లో తరలిస్తుండగా పడవతో సహా మునిగిపోయిన ఆ ఏకశిలా విగ్రహాన్ని పైకి తీసి, 1992 డిసెంబరు 1న మధ్యలోని వేదిక మీద నిలబెట్టారు. అంటే ఆయన లేచి నిలబడేనాటికే మీరు ఈ ఊరికి పాత కాపులు. ఆ మాట మీవారికి చెప్పండి, గోల్కొండ పోయిన బాధ కొంత తగ్గవచ్చు. గట్టు పొడవునా తెలుగు ప్రముఖుల విగ్రహాలు ఉన్నాయి. అన్నింటి ముందూ ఆగనవసరం లేదు, మీకు ఇష్టమైన ఒకరిద్దరి దగ్గర ఆగితే చాలు.

చీకటి పడ్డాక లిబర్టీ, బషీర్‌బాగ్, ఆబిడ్స్ మీదుగా ఆటోలో మొజంజాహీ మార్కెట్ చేరుకోండి. 1935లో కట్టిన ఆ రాతి కట్టడానికి మరమ్మతులు చేసి 2020లో మళ్ళీ తెరిచారు. మీరు చూసిన నాటి మసి, వేలాడే బోర్డులు, తీగలు చాలావరకు పోయాయి. రాత్రి దీపాల్లో గడియార స్తంభం చక్కగా కనబడుతుంది. ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు ఆరుబయట కుర్చీలు మాత్రం అలాగే ఉన్నాయి. సీతాఫలాల కాలమైతే ఇంకేమీ ఆలోచించకుండా అదే అడగండి. గుజ్జు వడకట్టి నున్నగా చేసింది కాదు. పండు తొనలు తునకలుగా నాలుకకు తగులుతాయి. ఆ కుర్చీల్లో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఆ సాయంత్రంలో ఎక్కువ సమయం అక్కడే గడపండి, మిగిలినవి అటూ ఇటూ అయినా పరవాలేదు.

లేచే ఓపిక ఉంటే కోఠీ వైపు నాలుగడుగులు వేసి, ఏదైనా ఇరానీ హోటల్లో చాయ్ తాగండి. డికాక్షను ఒక పాత్రలో, చిక్కగా మరిగించిన పాలు ఇంకో పాత్రలో ఉంచి, మనం అడిగినప్పుడే కప్పులో కలిపి ఇస్తారు కనుక, ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాదు. తెనాలికి తీసుకువెళ్ళడానికి ఉస్మానియా బిస్కెట్లు అక్కడే కట్టించుకోండి. సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం 1901లో పుట్టిన గ్రంథాలయం. ఆ పేరు గల బోర్డు ముందు ఒక నిమిషం ఆగితే, తెలుగు చదివే వారిగా మనం పాత బాకీ కొంత తీర్చుకున్నట్టే.

భోజనం తొమ్మిదికల్లా ముగించాలి. సుల్తాన్ బజారు మెట్రో స్టేషనులో లిఫ్టు ఉంది. అక్కడ ఎక్కితే నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆసుపత్రి దాటగానే సికింద్రాబాద్ వెస్ట్ వస్తుంది. దిగి రైల్వే స్టేషనుకు ఆటో మాట్లాడుకోండి. మెట్రో చివరి బండి పదకొండు ప్రాంతంలో ఉంటుందని దాని మీద ఆధారపడవద్దు. పదింటికి స్టేషనులో ఉండి, పెట్టెలు విడిపించుకుని, మీ ప్లాట్‌ఫారం అటు చివర పదో నంబరైతే బోయిగూడ వైపు నుంచి లోపలికి వెళ్ళండి. మెట్ల వంతెన ఎక్కే బాధ తప్పుతుంది.

ప్రశ్న: మా అన్నయ్యను రాత్రి పదకొండున్నర రైలుకు ఎక్కించడానికి ఆరుగురం వెళ్తున్నాం. ప్లాట్‌ఫారం టికెట్టు ఒకటి తీసుకుంటే సరిపోతుందా?
— ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: సరిపోదు. మనిషికి ఒకటి, పది రూపాయలు; పండుగల రద్దీలో ధర పెంచడమూ, అమ్మకం ఆపడమూ ఉంటుంది. రెండు గంటలే చెల్లుతుంది కనుక, బండి ఆలస్యమో కాదో తెలుసుకున్నాకే కొనండి. సీటు కింద పెట్టె తోసే నెపంతో ఆరుగురూ రైలు ఎక్కకండి. బండి కదిలాక దూకడం కన్నా కాజీపేట దాకా వెళ్ళి జరిమానా కట్టడమే నయం అనిపించే పరిస్థితి వస్తుంది. ఒకరు ఎక్కి పెట్టె సర్ది వెంటనే దిగిపోతే, మిగిలిన ఐదుగురూ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చు.