గోల్కొండకు పోతున్నరట కదా బిడ్డా

బిడ్డా,

ఆదివారం పిల్లల్ని, మీ అత్తమ్మను తీస్కొని హైదరాబాద్ చూడబోతున్నరని మీ అమ్మ నిన్న ఫోన్ల చెప్పింది. ఏడేండ్ల సంది మియాపూర్ల ఉంటున్నరు, పిల్లలకు గోవా చూపెట్టిన్రు, మైసూర్ చూపెట్టిన్రు, ఇంటికాడి గోల్కొండ ఇన్నాళ్లకు యాదికొచ్చింది, మస్తు సంబురమైంది నాకు. కానీ రాత్రి నిద్ర పట్టలే. అందుకే పొద్దుగాల్నే లేచి ఇది టైప్ చేస్తున్న, సగంల ఆపకుండ మొత్తం చదువు.

ముందు నీ ప్లాన్ సంగతి. కోట, సమాధులు, సాలార్‌జంగ్, చార్మినార్, సాయంత్రం ట్యాంక్‌బండ్, అన్నీ ఒక్క రోజులనేనట. ఎవలు చెప్పిన్రు నీకు? పిల్లలు సగం దినం కార్లనే పండుకుంటరు, మీ అత్తమ్మ కాళ్లు వాస్తయి, నువ్వు అందరి మీద కసురుకుంటవు. రెండే పెట్టుకో, పొద్దుగాల గోల్కొండ, ఆ తర్వాత దగ్గర్నే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులు. చార్మినార్, సాలార్‌జంగ్ ఇంకో వారం పోవచ్చు, మియాపూర్ల మెట్రో ఎక్కితే రైలు మారకుండ ఎంజీబీఎస్ల దిగుతరు. శుక్రవారం మాత్రం పోకు, మ్యూజియం బంద్.

నీళ్లు, టోపీలు, జారని చెప్పులు, ఇవి నీకు చెప్పాల్సిన పని లేదు. పదిహేనేండ్ల లోపు పిల్లలకు కోటల టికెట్ లేదు. గేటు తెరవంగనే లోపలుండాలె, ఎండెక్కితే ఆ రాళ్లు పెనం లెక్క కాలుతయి. ఫొటోల కోసమని పిల్లల్ని గోడలు ఎక్కనియ్యకు.

ఇగ అసలు సంగతి. పైకి మూడొందలకు మీదనే మెట్లుంటయి. మీ అత్తమ్మ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. "మీరు పోయి రాండ్రి, నేను గీడ కూసుంట" అంటది. తప్పకుంట అంటది. ఆ మాట పట్టుకొని నువ్వు పోకు బిడ్డా.

1996ల మీ అమ్మమ్మ గదే మాట అన్నది నాతోని. కంటి ఆపరేషన్ అయినంక చెక్ చేపిచ్చుకోనీకి జనగాం కాడ మన ఊరి నుంచి వచ్చింది, మేం అప్పుడు మెహదీపట్నంల ఉంటుంటిమి. నీకు మూడేండ్లు, మీ నాయిన నిన్ను భుజాల మీద కూసోబెట్టుకుండు, నీకు యాదుండదు. గుమ్మటం కింద అందరం చప్పట్లు కొట్టినం, అమ్మమ్మ గూడ నవ్వుకుంట కొట్టింది. ఆమెను చెట్టు కింద అరుగు మీద కూసోబెట్టి, టిఫిన్ డబ్బా కట్టిన తువ్వాల పక్కన పెట్టి, అరగంటల వస్తమని చెప్పి ఎక్కినం. రామదాసు బందీఖానా కాడ ఆగినం, అమ్మవారి గుడి కాడ ఆగినం, పైన బారాదరిల, అంటే కొన మీది మంటపంల, గాలి ఎంత సల్లగుండెనో, కెమెరాల రీలు అయిపోయేదాక కూసున్నం. దిగేసరికి రెండున్నర గంటలు.

అరుగు మీద తువ్వాల మూట ఉన్నది, అమ్మ లేదు.

ఆ గంట నేను ఎట్ల తిరిగిన్నో నాకే తెల్వది. సెల్‌ఫోన్లు లేవు, ఆమెకు ఉర్దూ రాదు, బోర్డు చదవరాదు, ఒక కంటికి ఇంకా నల్లద్దాలే. ప్రతి బావి కాడ, ప్రతి చీకటి అర్రల తొంగి చూసిన. చివరికి గేటు బయట గల్లీల ఒక ఇంటి గడప మీద దొరికింది. బాత్రూమ్ వెతుక్కుంట బయటికొచ్చి తొవ్వ తప్పిందట, ఆ ఇంటి తురకామె లోపలికి తీస్కపోయి, నీళ్లిచ్చి, చెయ్యి పట్టుకొని పక్కన కూసున్నది, ఒకరి మాట ఒకరికి తెల్వదు. అమ్మ పిడికిలి విప్పితే లోపల టికెట్ ఉన్నది, నాలుగు మడతలు పెట్టి, చెమటకు నాని ముద్దయింది. అది పోతే మళ్ల లోపలికి రానియ్యరు, మీరు నన్ను వెతుక్కుంటరు అన్నది.

ఒక్క మాట అనలే నన్ను. బస్సుల మాత్రం మెల్లగ అడిగింది, "పైన ఏమున్నదే?" అని. నాకు సిగ్గయి, "ఏం లేదమ్మా, రాళ్లే" అన్న. అంత గాలి, అంత ఊరు కనపడుతుండె పైనుంచి, ఒక్క ముక్క చెప్పలే. రెండేండ్లకు పోయింది ఆమె.

అందుకే చెప్తున్న, మీ అత్తమ్మ పక్కన ఎవరన్న ఒకరు ఉండాలె, వంతులేసుకోరి. ముందు మీ ఆయన పిల్లల్ని తీస్కొని ఎక్కనీ, దిగినంక నువ్వు పో. బాత్రూమ్ ఎటున్నదో ముందుగాల్నే ఆమెకు చూపెట్టు, ఆమె చేతిల ఫోన్ పెట్టు, నీ నంబర్ ఎట్ల నొక్కాల్నో రెండు సార్లు నొక్కిపిచ్చు. సమాధుల కాడ ఇన్ని మెట్లుండయి, చెట్ల నీడ ఉంటది, అక్కడ ఆమె నడిచినంత మెల్లగ మీరు నడువుర్రి. అన్నిట్ల పెద్దది చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీది, అది చూపెట్టు. తానీషా సమాధి అక్కడ ఉండదు, రామదాసును బందీ చేసిన రాజు ఆయననే, 1687ల ఔరంగజేబు కోట పట్టుకొని ఆయనను దౌలతాబాద్ కోటల బంధించిండు, ఆడనే పోయిండు. ఈ కథ మీ అత్తమ్మతోనే పిల్లలకు చెప్పియ్యి, ఆమెకు రామదాసు కీర్తనలు మస్తుగ వస్తయి.

ఇంకొకటి. గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బారాదరి కాడ వినపడుతయి గదా. నీ కొడుకు పైకి ఎక్కినంక ఫోన్ చేపిచ్చు, అప్పుడు కింద మీ అత్తమ్మతోని చప్పట్లు కొట్టియ్యి. పోరనికి వినపడ్డయా లేదా, పైన ఏమేం కనపడ్డయని నానమ్మకు చెప్పిండా, రాత్రికి ఫోన్ చేసి నాకు చెప్పు. ఎంత రాత్రయినా మేల్కొనే ఉంట.

నీ పెద్దమ్మ