పాత రేసింగ్ సైకిలు మట్టి దారికి పనికొస్తుందా?

పనికొస్తుంది, ఫ్రేములో ఖాళీ ఉన్నంత మేరకు వెడల్పు టైర్లు వేయించండి, మిగతా మార్పులన్నీ ఆ తర్వాతి మాట. వెడల్పు టైరులో గాలి ఎక్కువ పడుతుంది కాబట్టి ఒత్తిడి తగ్గించినా ట్యూబు రిమ్ముకు నలిగి పంక్చరు కాదు, గులకరాళ్ల మీద చక్రం ఎగిరిపడదు.

శ్రీకాకుళం నుంచి శాలిహుండం వైపు తారు రోడ్డు మీద వెళ్లి, వంశధార గట్టు మీది మట్టి బాటలోకి దిగాలనుకుందాం. 70 కిలోల మనిషికి 23 మి.మీ. టైరులో దాదాపు 100 పీఎస్ఐ ఒత్తిడితో గాలి కావాలి, 32 మి.మీ. టైరుకు 60 చాలు. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఎక్కడ పెట్టి చూసినా 4 మి.మీ. అల్లెన్ కీ (ఆరు పలకల కడ్డీలాంటి పానా) దూరాలి. దూరకపోతే 28 మి.మీ. టైరుతో సరిపెట్టుకోండి. వానల్లో జిగటమన్ను ఆ సందులో ఇరుక్కుంటే చక్రం తిరగనే తిరగదు. కొనేముందు పాత టైరు పక్కన ఉన్న అంకె (టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మి.మీ.లలో) చదవండి: 630 చక్రానికి 622 టైరు సరిపోదు. 622 చక్రాలే వేయిస్తే మరో 4 మి.మీ. ఖాళీ కలిసొస్తుంది, కాకపోతే బ్రేకు రబ్బర్లు అంత కిందికి దిగాలి.

రాయిలా గాలి కొట్టిన సన్నటి టైరే వేగంగా పోతుందన్నది చాలామంది అపోహ. నున్నటి తారు మీద అందులో కొంత నిజముంది. గతుకుల్లో మాత్రం చక్రం ఎగిరిన ప్రతిసారీ తొక్కే బలమే వృథా అవుతుంది.