శత్రుదేశపు అణు కేంద్రాల మీద దాడి చేస్తే బాంబు తయారీ ఆగిపోతుందా?

పూర్తిగా ఆగదు, మహా అయితే కొన్నేళ్లు వెనక్కి పోతుంది, ఎందుకంటే దాడిలో కూలేది భవనాలూ యంత్రాలే, ఆ విద్య నేర్చినవాళ్ల బుర్రలో ఉన్నది అలాగే ఉంటుంది. కోనసీమ కాలవల్లో గుర్రపుడెక్క తీయడం చూసే ఉంటారు కదా, పొక్లెయిన్ పెట్టి గట్టు మీదకి కుప్పలుగా లాగి పోస్తారు, నీళ్లు తేటగా కనిపిస్తాయి, కానీ ఏ తూము దగ్గరో చిక్కుకున్న నాలుగు మొక్కలు చాలు, మళ్లీ కాలవంతా పచ్చగా కప్పేస్తాయి.

1981 జూన్ 7న ఇజ్రాయెల్ విమానాలు బాగ్దాద్ దగ్గరి ఒసిరాక్ రియాక్టర్‌ని కూల్చేశాయి. ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ మానుకోలేదు, యురేనియం శుద్ధి (బాంబుకి పనికొచ్చే రకం యురేనియం వాటాని పెంచడం) వైపు తిరిగి రహస్యంగా నడిపించాడు. అది ఎంత పెద్దదో 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత తనిఖీకి వెళ్లినవాళ్లకి గానీ తెలియలేదు. అసలు చిక్కు ఇక్కడే: కొడితే కళ్లకు కనబడే పని భూగర్భంలోకి పోతుంది, కొట్టకపోతే ఒకరోజు చేతికి బాంబు వచ్చేస్తుంది, ఉత్తర కొరియా 2006లో పరీక్షించింది కూడా.

చాలామంది పొరపాటు పడేది, ఒప్పందాలు ఉత్త కాగితాలని అనుకోవడం. అమెరికా తదితర దేశాలతో 2015లో కుదిరిన అణు ఒప్పందంలో ఇరాన్ యురేనియం శుద్ధిని 3.67 శాతానికి పరిమితం చేసి, తనిఖీలకు ఒప్పుకుంది. 2018లో అమెరికా అందులోంచి బయటకొచ్చేసింది. 2021 కల్లా ఇరాన్ 60 శాతం దాకా శుద్ధి చేయడం మొదలుపెట్టింది. బాంబుకి కావాల్సింది దాదాపు 90 శాతం.